మామగారి మొక్కు, నా గుండిగలు

మా ఇంట్లో ఏ శుభకార్యమైనా సరే, భోజనాల దగ్గర ఎవరో ఒకరు "బాబాయ్, ఆ షామియానా కథ చెప్పు" అంటారు. ఎన్నో ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాను. చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది గాని, వినేవాళ్ళ చెవులకి ఏమీ కాలేదు. అందుకే ఈసారి కాగితం మీద పెట్టేస్తున్నాను. ఇకమీదట అడిగినవాళ్ళ చేతిలో ఈ కాగితం పెట్టి నేను పోయి నడుం వాలుస్తాను. ముందే చెబుతున్నాను, ఇందులో ఒక పెద్దమనిషిని నా చేతులారా పస్తు పెట్టాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

డెబ్భైల నాటి మాట. నేను తిరువూరులో కొత్తగా బడిపంతులు ఉద్యోగంలో చేరాను. మేరీతో పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. మా మామగారు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. అంతకుముందు ఏడాది ఆయనకి పచ్చకామెర్లు వచ్చి ప్రాణం మీదికి తెచ్చాయి. మంచం మీదే మొక్కుకున్నారట, బతికి బయటపడితే వేళాంగణి మాత దగ్గరికి రైలెక్కకుండా రోడ్డు దారినే వెళతానని, అక్కడ ప్రార్థన చేసుకునేదాకా మన పొయ్యి మీద వండిన అన్నమే తప్ప హోటలు మెతుకు ముట్టనని. బతికారు. డాక్టరు మాత్రం ఒకటే మాట చెప్పాడు, వేళకి మెత్తటి అన్నం పడాలి, పస్తు పనికిరాదు అని.

ఎండాకాలం సెలవులు. మామిడికాయల సీజను కావడంతో వ్యాను దొరకడమే గగనమైంది. ఎలాగో విస్సన్నపేటలో ఒకటి కుదిరింది. డ్రైవరుతో కలిపి అయిదుగురం. దారిలో నీడకి ఏం వేసుకోవాలి, వంటకి ఏం పట్టుకెళ్ళాలి అనే విషయం వచ్చేసరికి మామగారు నా వైపు తిరిగారు.

"ఏమయ్యా జోజీ, సామాను సంగతి నువ్వు చూస్తావా?"

అల్లుణ్ణయ్యాక ఆయన నాకు అప్పగించిన మొదటి పని అది. నాకు పాఠం చెప్పడం తప్ప ఇంకేమీ రాదని ఆయన మేరీతో అన్న మాట అప్పటికే నా చెవిన పడింది. చూపిస్తాను నా తడాఖా అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే ఉంది అసలు రోగం.

పెళ్ళిళ్ళకి సామాను అద్దెకిచ్చే ఖాసిం సాహెబు దగ్గరికి వెళ్ళాను. ఆయన నా మాట అంతా విని, మూలనున్న ఒక లారీ పట్టా తీసి దులిపాడు.

"అయిదుగురికి ఇది చాలండి మాస్టారూ. వ్యానుకి ఒక కొస కట్టి, రెండు కర్రలు పాతితే నీడ. గిన్నెలంటారా, ఇంట్లోవే పట్టుకెళ్ళండి."

"మా మామగారు హెడ్మాస్టరు చేసిన మనిషి సాహెబుగారూ. లారీ పట్టా కింద కూర్చోబెట్టమంటారా?"

ఆ రోజుల్లో మా చుట్టుపక్కల పెళ్ళంటే తాటాకు పందిరే. షామియానా అప్పుడప్పుడే వస్తోంది. సాహెబు దగ్గర ఎర్రదీ పచ్చదీ కలిపి కుట్టిన కొత్తది ఉంది. చుట్టూ కుచ్చులు, ముందు వైపు పసుపు గుడ్డ మీద పెద్ద అక్షరాలతో 'స్వాగతం'. దాన్ని చూశాక నా కళ్ళు ఇంక దేని మీదా ఆగలేదు.

"అది పెళ్ళివారి షామియానా అండి" అన్నాడు సాహెబు నెమ్మదిగా.

"అదే కావాలి. దాంతోపాటు వంటకి గుండిగలు కూడా."

"గుండిగంటే వందమంది వంట మాస్టారూ."

"పెద్ద పాత్రలో తక్కువ వండుకోవచ్చు. చిన్న పాత్రలో ఎక్కువ వండలేం కదా."

లెక్కల మాస్టార్ని. సాహెబు గుండిగలు, గరిటెలు, పలుగు, పార బయట పెట్టించాడు. పలుగూ పారా ఎందుకంటే, ఆ గుండిగలు కూర్చునే స్టవ్వు ఈ భూమ్మీద లేదు. నేల తవ్వి గాడిపొయ్యి పెట్టాల్సిందే.

అవన్నీ ఎక్కించేసరికి వ్యానులో మనుషులకి చోటు లేదు. అప్పుడు నేను చేసిన పనికి ఇప్పటికీ నా మీద నాకే కోపం. మా అత్తయ్య సర్దుకున్న గిన్నెల మూట తీసి ఇంట్లో పెట్టేశాను.

"ఒక్క చిన్న గిన్నె ఉండనివ్వు బాబూ" అంది అత్తయ్య.

"ఇన్ని పాత్రలుండగా మళ్ళీ గిన్నెలెందుకండీ అత్తయ్యా?"

ఆవిడ బత్తీల స్టవ్వు మాత్రం తన కాళ్ళ దగ్గర, చీర కుచ్చెళ్ళ చాటున పెట్టుకుంది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అంత ఉదారుణ్ణి.

మొదటి రోజు మధ్యాహ్నం చిలకలూరిపేట దాటాక ఆగాం. గుంజలు పాతి షామియానా ఎత్తేసరికే నాకూ డ్రైవరుకీ చేతులు బొబ్బలెక్కాయి. తర్వాత గాడిపొయ్యి తవ్వాం. గుండిగలో అయిదుగురికి సరిపడా బియ్యం పోస్తే అడుగున ఎక్కడో తెల్లటి మరకలా కనిపించింది. నీళ్ళు పొయ్యగానే ఆవిరైపోయాయి. అన్నం కింద బొగ్గు, పైన పలుకు. మామగారు రెండు ముద్దలు తిని విస్తరి మడిచేశారు.

"ఆకలి లేదయ్యా" అన్నారు. ఆయన మర్యాదస్తుడు.

సాయంత్రం నాలుగు అరటిపళ్ళు తిని మజ్జిగ తాగారు. నెల్లూరు చేరాక అత్తయ్య నన్ను పక్కకి పిలిచింది.

"ఇక్కడ గిన్నెల కొట్లుంటాయి. ఒక్కటి కొను బాబూ."

"వ్యాను నిండా పాత్రలు పెట్టుకుని గిన్నె కొంటే నలుగురూ నవ్వరా అత్తయ్యా? రేపు చూడండి, ఎలా వండిస్తానో."

పాఠకులారా, మీరిప్పుడు నన్ను తిడుతున్నారని తెలుసు. మేరీ అప్పుడే తిట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం నాయుడుపేట దాటాం. ఎండ నిప్పులు చెరుగుతోంది. మామగారి మొహం పాలిపోయి, కూర్చున్నచోటే తల వాల్చేస్తున్నారు. మళ్ళీ షామియానా ఎత్తక తప్పలేదు. అత్తయ్య గుండిగ లోపలికి తొంగి చూసి తేల్చి చెప్పింది.

"ఇందులో పాతికమందికి వేస్తేగాని అన్నం ఉడకదు. మిగిలితే మిగిలింది, ఆయనకి నాలుగు మెత్తటి మెతుకులు దొరుకుతాయి."

పాతికమందికి వేశాం. ఈసారి అన్నం మల్లెపూవులా ఉడికింది. పప్పూ కుదిరింది. నేను రొమ్ము విరుచుకుని విస్తర్లు తీయబోతున్నాను. వెనక్కి తిరిగి చూద్దును కదా, షామియానా కింద ఒక బంతి కూర్చుని ఉంది.

పక్క ఊరివాళ్ళు. రోడ్డు మీద ఎర్ర షామియానా, 'స్వాగతం', పొగలు కక్కే గుండిగలు. ఎవరైనా ఏమనుకుంటారు? చేలో పనులు ఆపి, కాళ్ళు కడుక్కుని మరీ వచ్చారు.

"పెళ్ళికొడుకు ఎవరు నాయనా?" అని అడిగాడు తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన.

నేను మామగారి చెవిలో, "పెళ్ళి కాదని చెప్పి పంపేస్తానండీ" అన్నాను.

"బంతిలో కూర్చున్నవాళ్ళని లేపుతావా?" అన్నారు ఆయన, నీరసంగానే అయినా గట్టిగా. "వడ్డించు."

"ముందు మీరు తినండి నాన్నా" అంది మేరీ.

"ఇంటివాళ్ళం ఆఖరి బంతిలో కదమ్మా."

వడ్డించాను. మొదటి బంతి లేచేసరికి రెండో బంతి కూర్చుంది. ఆఖరి బంతి వేళకి గుండిగలో గరిటె గీకిన చప్పుడు తప్ప ఏమీ లేదు. మామగారు ఖాళీ విస్తరి ముందు కూర్చుని నవ్వబోయి, పక్కకి ఒరిగిపోయారు. అత్తయ్య ఒళ్ళోకి తీసుకుని మొహాన నీళ్ళు చల్లింది.

"నాయుడుపేటలో ఇడ్లీ దొరుకుతుంది, మాత ఏమీ అనుకోదు" అని ఏడ్చింది.

"మొక్కు మొక్కేనే" అన్నారు కళ్ళు మూసుకునే.

నా తడాఖా అంతా ఏమైందో నాకే తెలియదు. గుండిగ పక్కన మట్టిలో కూలబడ్డాను. ఈ మనిషికి ఏమైనా అయితే మేరీ మొహం ఎలా చూడాలి అన్నదొక్కటే తెలుస్తోంది.

అప్పుడు ఆ తలపాగా ముసలాయన ఊళ్ళోంచి మళ్ళీ వచ్చాడు. చేతిలో తళతళలాడే స్టీలు గిన్నె, దోసెడు బియ్యం పట్టేంతది. దాన్ని నా చేతిలో పెట్టాడు.

"నువ్వే గదా పెళ్ళికొడుకు. ఉంచుకో."

"ఇది పెళ్ళి కాదండీ, ప్రయాణం. ఇది నేను తీసుకోకూడదు."

"ఏదైతే ఏముండాది నాయనా. అన్నం తినినాం గదా, వట్టి చేతులతో పోతామా?"

అత్తయ్య ఆ గిన్నెని నా చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. కుచ్చెళ్ళ చాటు స్టవ్వు వెలిగింది. గుప్పెడు బియ్యం, మెత్తగా. మామగారు గిన్నె ఒళ్ళో పెట్టుకుని చివరి మెతుకుదాకా తిన్నారు. నేను వ్యాను వెనక్కి వెళ్ళి కాసేపు ఏడ్చాను. మళ్ళీ ఏడ్చే తీరిక లేదు, షామియానా విప్పాలి.

వేళాంగణి చేరేదాకా ఆ గిన్నే మా వంటిల్లు. తిరువూరు వచ్చాక సామాను తిరిగిస్తుంటే సాహెబు, "పెళ్ళి బాగా జరిగిందా మాస్టారూ?" అని మాత్రం అడిగాడు.

వారం తర్వాత మామగారు ఆ గిన్నె మీద పేరు కొట్టించి తెచ్చారు. నా పేరు.

"ఎందుకండీ?" అన్నాను.

"నువ్వెళ్ళి తెచ్చిన సామానంతటిలో పనికొచ్చింది ఇదొక్కటే. పేరుండాలి కదయ్యా."

ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ పొద్దున జావ ఆ గిన్నెలోనే తాగారు. ఇప్పుడు అందులో నేను తాగుతున్నాను. అక్షరాలు అరిగిపోయాయి, వేలితో తడిమితే తెలుస్తాయి.

కాబట్టి సదరు గిన్నె సాక్షిగా ప్రమాణం చేసి రాసిస్తున్నాను. ఇక నా జన్మలో దారి వంటకి సామాను నేను ఎంచను. ఎంచక తప్పకపోతే అత్తయ్యని అడిగి ఎంచుతాను. అత్తయ్య ఇప్పుడు లేదు కనక, అసలు బయలుదేరను.