మిలిటరీ లారీ ముల్లు

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ వాళ్ల పశువుల కొట్టంలోకి ఒక మిలిటరీ లారీ వచ్చి చేరింది. యుద్ధం ముగిశాక సికింద్రాబాదులో పాత మిలిటరీ బండ్లను హర్రాజు వేస్తున్నారని తెలిసి, యుద్ధంలో లారీ తోలి వచ్చిన మా మేనమామ వెళ్లి ఒకదాన్ని పాడుకుని తెచ్చాడు. బురద రంగు, ముందు మొద్దు ముక్కు, నా తల కంటే ఎత్తైన చక్రాలు. సిద్దిపేటలో మా వాడ పిల్లలెవరికీ తిండి సహించలేదంటే నమ్మండి, దాని చుట్టూ తిరగడమే పని. అందరిలోకీ నా నడకే వేరు. లారీ మా మామది కదా!

అమ్మమ్మకు మాత్రం అది కంట్లో నలుసు. అదే కొట్టంలో ఆమె దూడలప్పటి నుంచి పెంచిన ఎడ్ల జత ఉండేది. తాతయ్య పోయాక నాగలి పట్టేవాడు మామ ఒక్కడే. లారీ తోలుకుంటే పొలం కౌలుకిచ్చి ఎడ్లను అమ్మాలి. ఎడ్లను ఉంచుకుంటే లారీని పాత ఇనుము వాళ్లకు ఇచ్చేయాలి. తల్లీకొడుకులు చాలా రోజులు వాదులాడుకుని, చివరికి ఒక మాట మీదికి వచ్చారు. లారీ దుబ్బాక పోయి, నేతగాళ్ల చీరల మూటలు ఎక్కించుకుని పొద్దుగూకేలోగా తిరిగి వస్తే ఎడ్లు పోతాయి. కదలకపోతే లారీ పోతుంది. నేను పూర్తిగా లారీ పక్షం. ఎడ్లంటే ఇష్టం లేక కాదు. మొదటి ప్రయాణంలో నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుంటానని మామ మాటిచ్చాడు. ఆ వయసులో అంతకంటే పెద్ద లంచం ఏముంటుంది?

హర్రాజు మైదానంలో పడి ఉన్న రోజుల్లో ఆ లారీ లోపలి వైర్ల పైతొడుగును ఎలుకలు కొరికేశాయి. మామ వాటిని ఊడదీసి, పక్కింటి మగ్గం తాతను పిలిచాడు. ఆయన చీరలు నేసేవాడు. చేతికి దారం దొరికితే ఊరుకునే మనిషి కాదు. అంచులకు మిగిలిన ఎర్ర నూలుకు మైనం రాసి, వైర్ల చుట్టూ ఎంత ముచ్చటగా చుట్టాడంటే, చూసినవాళ్లు లారీని వదిలేసి వైర్లనే మెచ్చుకున్నారు. ఆ సంబరంలో ఆయన కొరికినవీ కొరకనివీ చూడకుండా అన్నింటికీ చుట్టేశాడు. మామ వాటిని మళ్లీ బిగించాడు.

ఒప్పందం రోజు పొద్దున్నే దౌల్తాబాదు నుంచి ఎడ్లు కొనే రైతు వచ్చాడు. కొత్త పలుపులు భుజాన వేసుకుని అరుగు మీద కూర్చుని, అంబలి తాగుతూ, ఎటైనా తనకు ఒకటే అన్నట్టు చూస్తున్నాడు. నేను తలకు నూనె పెట్టించుకుని, రెండు జడలు వేయించుకుని, ఎప్పుడో ముందు సీటు ఎక్కేశాను. మామ హ్యాండిల్ పెట్టి తిప్పాడు. లారీ ఒక్కసారి దగ్గి, గుర్రుమని లేచింది. కొట్టంలో ఎడ్లు తాళ్లు తెంపుకున్నంత పని చేశాయి. వాడంతా కేకలు.

స్టీరింగు ముందర గుండ్రని అద్దం కింద ఒక సన్నని ముల్లు ఉండేది. దాని సంగతి మామ నాకు ముందే చెప్పాడు. ఇంజను తిరుగుతున్నప్పుడు అది కుడికి వాలితే బ్యాటరీ నిండుతున్నట్టు, ఎడమకు వాలితే ఖాళీ అవుతున్నట్టు. నేను కళ్లార్పకుండా దాన్నే చూస్తున్నాను. ముల్లు ఎడమకు వాలింది. మామ పైకెక్కి ఎక్సలేటరు గట్టిగా తొక్కాడు. ఇంకా ఎడమకు పోయింది.

మామ ఇంజను ఆపేశాడు. ముల్లు ఎడమకు ఉన్న బండిని బయటికి తీయకూడదన్నది ఆయన మిలిటరీలో నేర్చుకున్న మొదటి పాఠం. దారి మధ్యలో బ్యాటరీ చస్తే నేతగాళ్ల చీరల మూటలు ఎండలో పడి ఉంటాయి. కిందికి దిగి, చేతిలోని గుడ్డను నేలకేసి కొట్టి, దౌల్తాబాదు రైతుతో, "ఎడ్లను అమ్ముతలేము పెద్దమనిషీ, లారీనే పోతది" అన్నాడు. నేను సీట్లోనే గొల్లుమన్నాను. అంత ఏడుపు మా ఇంట్లో ఎవరూ ఎరుగరట.

న్యాయంగా అయితే అమ్మమ్మ ఆ నిమిషాన ఎడ్ల దగ్గరికి పోయి గంగడోలు నిమరాలి. ఆమె అట్లా చేయలేదు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లారీ దగ్గరికి వచ్చింది.

"ఏమన్నది నీ ముల్లు?"

"బ్యాటరీ ఖాళీ అయితున్నదంటున్నదే అవ్వా. డైనమో చచ్చింది."

"అది నిజమే చెప్తదని నీకెట్ల ఎరుక?"

మామ ఆమెను వింతగా చూశాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. అంగడికి చింతపండు అమ్మడానికి పోయినప్పుడల్లా అమ్మమ్మ చీర కొంగులో ఒక నల్లరాయి ముడివేసుకుని పోయేది. దాని బరువు ఆమెకు తెలుసు. ఏ సేటు తక్కెడ ముందైనా చింతపండు పెట్టక మునుపే "ముందు నా రాయి తూచు" అనేది. రాయి బరువు సరిగ్గా చూపిన తక్కెడకే చింతపండు. సేట్లందరూ ఆమెను రాయవ్వ అని ఆట పట్టించేవారు. ఆమె పట్టించుకుంటే కదా!

"బ్యాటరీ తప్పకుండ ఖాళీ అయ్యేది ఎప్పుడురా?" అంది.

"ఇంజను బందు చేసి లైట్లు ఏస్తే అయితది. అప్పుడు నింపేటోడు లేడు, తినేటోడే ఉన్నడు."

"అయితే గట్ల పెట్టి అడుగు దాన్ని. జవాబు నీకెరుకున్న మాటను ముందు అడుగు."

మామ నమ్మకం లేకుండానే పైకెక్కి, ఆగిన బండిలో లైట్ల మీట నొక్కాడు. ముందు దీపాలు వెలిగాయి. ముల్లు ఎడమకు పోవాలి. పోలేదు! తేలు కుట్టినట్టు ఎగిరి కుడికి వాలింది. ముందు అరిచింది నేనే. "కుడికి పోయింది మామా, కుడికి!" మామ లైట్లు ఆర్పాడు, వేశాడు, మళ్లీ ఆర్పాడు, మళ్లీ వేశాడు. ముల్లు ప్రతిసారీ సిగ్గు లేకుండా అదే అబద్ధం ఆడింది. బ్యాటరీని తినేస్తున్న దీపాలను పట్టుకుని, బ్యాటరీ నిండుతోందని చెబుతోంది. అంటే డైనమో చావలేదు. ముల్లే తిరగబడింది. మామ కిందికి దూకి అమ్మమ్మను అమాంతం ఎత్తి తిప్పాడు. ఆమె "దించురా, నడుములు ఇరుగుతయి" అని తిట్టిన తిట్లు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

ముల్లు వెనక రెండు వైర్లు ఉండాలి, ఒకటి బ్యాటరీ వైపుది, ఒకటి డైనమో వైపుది. అవి అటుదిటు ఇటుదటు పడ్డాయి. అసలు వైర్లకు వేరువేరు రంగులు ఉండేవి. మగ్గం తాత పుణ్యమా అని ఇప్పుడన్నీ ఒకే ఎరుపు. ఆ గుత్తిలో ఏది ఏదో గుర్తు పట్టడం ఎట్లా? మగ్గం తాత తల పట్టుకుని, "నేనే ఖరాబు చేస్తినా వదినె!" అని ఒక నిమిషం బాధపడి, అంతలోనే మగ్గం ముందు కూర్చున్నవాడిలా హుషారయ్యాడు. మగ్గం మీద పరిచిన పడుగు దారాల్లో పోగు తప్పిపోతే నేతగాళ్లు ఆ కొసను మెల్లగా లాగుతారు, ఈ కొసన కదిలిందే ఆ పోగు. అట్లాగే చేద్దామన్నాడు.

మామ ముందుగా బ్యాటరీ వైరు ఊడదీసి, బానెట్టు లోపల బ్యాటరీ వైపుదీ డైనమో వైపుదీ ఒక్కొక్క వైరునే పట్టి లాగాడు. నేను స్టీరింగు ముందరి బల్ల కిందికి దూరి, ముల్లు వెనక చేయి పెట్టి, వేళ్ల కింద ఏది కదిలిందో కేక వేశాను. బ్యాటరీ వైపు వైరు కొసకు మగ్గం తాత పసుపు దారం, డైనమో వైపుదానికి నీలి దారం కట్టాడు. మామ రెండింటినీ ఊడదీసి, చోట్లు మార్చి బిగించి, బ్యాటరీ వైరు మళ్లీ తగిలించాడు. దౌల్తాబాదు రైతు కూడా అంబలి చెంబు పక్కన పెట్టి వచ్చి తొంగి చూశాడు.

ఈసారి మామ ఇంజను లేపలేదు. అమ్మమ్మ వైపు ఒకసారి చూసి, ముందుగా లైట్లే వేశాడు. ముల్లు ఎడమకు వాలింది. నిజం చెప్పింది! అప్పుడు హ్యాండిల్ తిప్పాడు. లారీ గర్జించింది, ముల్లు వణికి, లేచి, కుడికి పోయి నిలబడింది. మా వాడ మొత్తం చప్పట్లు.

ఆ చప్పట్లలోనే అమ్మమ్మ కొట్టంలోకి పోయింది. ఎడ్లకు బొట్టు పెట్టి, బెల్లం తినిపించింది. అమ్మేవాళ్లు పాత పలుపులు ఇవ్వరు, అవి ఇంట్లోనే ఉండాలి. ఆమె వాటిని విప్పి తన భుజాన వేసుకుంది. రైతు తన కొత్త పలుపులు కట్టి తోలుకుపోయాడు. ఎడ్లు మలుపు తిరిగేదాకా ఆమె చూసింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నేను చప్పట్లు ఆపేశాను. తర్వాత ఆమె వచ్చి ఆ పాత పలుపులను లారీ ముక్కుకు కట్టి, "సర్కు బిడ్డా" అంటూ నన్ను జరిపి నా పక్కకు ఎక్కింది.

దుబ్బాక దారి పొడుగునా గాలి, దుమ్ము, గుంతల్లో ఎగిరిపడుతూ మా కేకలు. అమ్మమ్మ నన్ను ఒడిలో బిగించి పట్టుకుని, ముల్లునే చూస్తోంది. ఉండబట్టలేక అడిగాను, నువ్వు ఊరుకుంటే ఎడ్లు మనకే ఉండేవి కదా అని.

"లారీ నడుస్తదా నడువదా అన్నదే మా పందెం గాని, ముల్లు అబద్ధమాడుడు కాదు గద బిడ్డా. దొంగ తూకంతోని మిగిలిన ఎడ్లకు నేను గడ్డెట్ల ఏస్త?" అంది.

ఇప్పుడు నా వయసు ఆనాటి అమ్మమ్మను దాటిపోయింది. మనవడు రక్తపోటు చూసే మిషను తెస్తే, ముందు నీ చేతికి పెట్టుకుని చూడరా అంటాను. వాడు నవ్వుతాడు, అయినా పెట్టుకుంటాడు. అది సులువైన పాఠమే. ఇంకొకటి ఉంది. నోరు మూసుకుంటే లాభం నాదే అయ్యే చోట, అమ్మమ్మ నల్లరాయి నా కొంగున బరువుగా వేలాడుతున్నట్టు ఉంటుంది. అప్పుడు నోరు తెరిచి అడుగుతాను.