పాటయ్యేదాకా చేతులు కడగాలి

ఫ్లూని బడి గుమ్మం తొక్కనివ్వనని నడుం కట్టి, బడి మొత్తాన్నీ సబ్బు నురగలో నిలబెట్టి, పప్పు వాసన చూపిస్తూ పస్తు పెట్టిన ఘనుడు మీకెక్కడైనా తగిలాడా? ఇదుగో, తగిలాడు!

నరసాపురం దగ్గర ఒక ఊరి బళ్ళో నేను మాస్టరుగా చేరిన కొత్త. వానలతోపాటు జ్వరాలూ దిగాయి. తరగతిలో ఒకడు తుమ్మితే, పలకరింపుకు జవాబిచ్చినట్టు పక్కవాడూ తుమ్మేవాడు. హెడ్మిస్ట్రెస్ సుజాత గారు నన్ను పిలిచి, "పిల్లల చేత చేతులు శుభ్రంగా కడిగించే పూచీ మీదండీ" అన్నారు.

మా పిల్లలు చేతులు కడుక్కోవడమంటే కుళాయికి ఒక నమస్కారం పెట్టి వెళ్ళిపోవడమే. అందుకని ప్రార్థనలో ప్రకటించాను: "అన్నానికి ముందు సబ్బు రాసుకుని ఒక పాట పాడాలి. పాటయ్యేదాకా రుద్దాలి!"

"ఏ పాటండీ?" అంది ఏడో తరగతి కరుణ.

"నీకిష్టమైందమ్మా!"

ఆ ఉదారబుద్ధే కొంప ముంచింది. కరుణ సండే స్కూలుకి పాటల రాణి. అందుకున్న కీర్తనకి ఎనిమిది చరణాలు, ప్రతి చరణానికీ పల్లవి రెండుసార్లు. పక్క కుళాయి దగ్గర దుర్గాప్రసాద్, తాతగారి భజన బృందంలో తాళాలు వాయించేవాడు, ఊరుకుంటాడా? భజన ఎత్తుకున్నాడు. భజనకి ముగింపంటూ ఉండదని నాకప్పుడే తెలిసింది. బడి రెండు జట్లయింది. నురగ మోచేతులు దాటింది. కుళాయిలు కట్టే నాథుడు లేడు. నేను మాత్రం కచేరీ పెట్టించిన జమీందారులా తల ఊపుతున్నాను.

వంట చేసే నూకాలమ్మ గారు గరిటెతో సహా వచ్చారు. "మాస్టారండీ, అన్నం చల్లారిపోతందండీ!"

"ఒక్క చరణమండీ!"

అంతే. కుళాయి గుర్రుమని గొంతు సవరించుకుని ఆగిపోయింది. ట్యాంకు ఖాళీ. చేతులు కాలాక ఆకులంటారు, మాకు చేతులు నురగపట్టాక నీళ్ళు కావలసి వచ్చాయి. ఆపరేషన్‌కి సిద్ధమైన డాక్టర్లలా పిల్లలందరూ చేతులు పైకెత్తి నన్నే చూస్తున్నారు. ఒకటో తరగతి పిల్ల బిక్కమొహం పెట్టి, "ఆకలేస్తందండీ" అంది. నా ప్రాణం చివుక్కుమంది.

సుజాత గారు వరండాలోకి వచ్చారు. "ఏంటండీ ఇది?"

"ఫ్లూ నివారణండీ."

"ఫ్లూ సంగతేమో గానీ భోజనాన్ని నివారించేశారు కదండీ!"

వీధి మలుపులో బోరింగు ఉంది. పిల్లల్ని అక్కడికి నడిపించి నేనే కొట్టడం మొదలెట్టాను. నీళ్ళు పడగానే కరుణ అడిగింది: "పాట మధ్యలో ఆగిపోయిందండీ. మళ్ళీ మొదట్నుంచి పాడాలాండీ?"

"వద్దు తల్లీ! పాడినంతవరకూ దేవుడు విన్నాడు. కడుక్కో!"

చివరి చెయ్యి కడిగించేసరికి నా భుజాలు నావి కావు. అందరూ వరండాలో కూర్చుని అన్నం తినడం మొదలెట్టారు. నేనూ కూలబడి ముద్ద కలిపానో లేదో, దుర్గాప్రసాద్ కేక పెట్టాడు: "మాస్టారు చేతులు కడుక్కోలేదండీ!"

వరండా అంతా నా వైపు తిరిగింది. సుజాత గారు నవ్వు బిగబట్టుకుని, "నడవండి మాస్టారూ. పాటతో సహా" అన్నారు.

బడంతా నా వెనకే బోరింగు దగ్గరికి కదిలింది. పెద్ద పిల్లలు బోరింగు కొట్టారు. సబ్బు రాసుకుని గొంతెత్తాను. ఇసుకలో దిగబడ్డ బండి చక్రంలా కీచుమంటూ కరుణ కీర్తన పల్లవి బయటికొచ్చింది.

"చరణమండీ?" అంది కరుణ.

"రాదమ్మా."

"అయితే మీరు రుద్దండి, మేం పాడతాం."

పాడారండీ! కీర్తన జట్టూ భజన జట్టూ కలిసిపోయి, ఎంగిలి చేతులతో నవ్వుతూ, ఒక్క చరణమైనా వదలకుండా. నూకాలమ్మ గారు గరిటెతో తాళం వేశారు.

మర్నాటి నుంచి మా బళ్ళో పాట రద్దయి రెండో ఎక్కం వచ్చింది. చేతులు శుభ్రపడ్డాయి, లెక్కలూ బాగుపడ్డాయి. నేను మాత్రం ఆ రోజే, ఆ బోరింగు సాక్షిగా, తడిసిన చొక్కాతో ప్రమాణం చేశాను: ఈ జన్మలో చరణాలున్న దేన్నీ కుళాయి దరిదాపులకు రానివ్వను!