కిర్రుమన్నది టైరే

మొన్న సంత రోజున, డుంబ్రిగుడ దారిలో, పది మంది మనుషులూ ఒక కోడిపెట్టా చూస్తుండగా నా పరువు ఎలా పోయిందో చెప్తాను, వినండి. టీ చల్లారితే ఇంకోటి చెప్పుకుందాం. కోపం తగ్గాక చెబుదామనుకున్నాను. మూడు రోజులైంది, తగ్గలేదు.

మీకు తెలుసుగా, అరకులో మా పత్రికకి విలేకరిని నేనే, ఏజెంటునీ నేనే. వార్త రాసేదీ నేనే, మర్నాడు దాన్ని అచ్చులో మోసుకొచ్చేదీ నేనే. ఆ మోత కోసమే ఈ సెకండ్‌హ్యాండ్ పికప్ కొన్నాను. రోజూ పొద్దున్నే ఘాట్ దిగి, శృంగవరపుకోటలో పేపరు కట్టలు ఎక్కించుకుని పైకి వస్తాం. సంత రోజుల్లో అల్లం బస్తాలు, పిప్పళ్లు, వాటి వెంట వాటి యజమానులు. నాకు డ్రైవింగ్ రాదు. నడిపేది డొంబు. డుంబ్రిగుడ దగ్గర పల్లె వాడిది. ఆ పల్లెలో లైసెన్సు ఉన్నవాడు వాడొక్కడే. ఇంతకు ముందు చింతపల్లి వైపు కాఫీ తోటల్లో కూలికి పోయేవాడు, నెలల తరబడి ఇంటి మొహం చూసేవాడు కాదు. ఇప్పుడు వాళ్లావిడకి ఏడో నెల. ఈ ఉద్యోగం ఉంటే రోజూ సాయంత్రానికి ఇల్లు చేరతాడు. పోతే మళ్లీ కాఫీ తోటలే.

నెల కిందట వెనక ఎడమ టైరు అరిగిపోతే మార్చాం. పాతది పారేయడం ఎందుకని సంతలో చెప్పులు కుట్టే గవరయ్యకి ఇచ్చాను. దాన్ని కోసి నాకో జత చెప్పులు కుట్టిపెట్టాడు. కొండల్లో తిరిగేవాడికి అంతకంటే గట్టి చెప్పులు లేవు. సరే, అసలు సంగతికి వస్తాను. సరిగ్గా ఆ వారమే బండిలో చప్పుడు మొదలైంది.

కిర్ర్!

పలక మీద మేకుతో గీసినట్టు. ఒక్క క్షణం ఉండి ఆగిపోతుంది. పళ్లు జివ్వుమంటాయి.

పాతికేళ్లుగా వార్తలు రాస్తున్నవాణ్ణి. ఎక్కడ, ఎప్పుడు, ఎలా అని రాసుకోకుండా ఉండలేను. నోటుబుక్కు తీసి వారం పాటు వివరాలు రాశాను. ఘాట్ ఎక్కేటప్పుడు తక్కువ, దిగేటప్పుడు ఎక్కువ. లోయ పక్క మలుపుల్లో తప్పనిసరి. ఎదురుగా లారీ వస్తే వరసగా రెండుసార్లు. వాన పడి కేబిన్‌లోకి నీళ్లు కారిన రోజున అసలు లేదు. నేను పేపరు చదువుకుంటున్నంతసేపూ వినపడదు, తలెత్తి రోడ్డు చూస్తే వినపడుతుంది. ఈ చివరిది నా ఏకాగ్రతకి నిదర్శనం అనుకున్నాను.

కొత్త టైరు వేసిన వారమే మొదలైంది కాబట్టి చప్పుడు టైరుదే. ఇంత స్పష్టంగా ఉంటే, డొంబు ఏమన్నాడో తెలుసా?

"బండి బాగుంది సార్."

"బండి బాగుంటే ఈ కిర్రు ఎక్కణ్ణించి వస్తోందయ్యా? నేను చేస్తున్నానా?"

వాడు రోడ్డు వైపే చూస్తూ గేరు మార్చాడు. ఆ గేరు మార్చడం నాకు ఎంత ఒళ్లు మండించిందో! సంత జనాన్ని కిక్కిరిసేలా ఎక్కించి నా బండిని వీడే పాడుచేశాడు, ఇప్పుడు దాస్తున్నాడు అని తేల్చేశాను. ఆధారం? లేదు. ఆధారం లేకుండా వార్త రాస్తే మా డెస్కు వాళ్లు చింపి పారేస్తారు. ఆ నియమం మన మనసుకి ఉండదు కదా.

శృంగవరపుకోటలో అప్పల్రాజు అని ఒక మెకానిక్కు ఉన్నాడు. బండి కింద దూరి, సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి బయటికొచ్చాడు.

"టైరు కాదు మాస్టారూ, కమాను కట్ట, ఈ స్ప్రింగు పట్టీలు. గ్రీజు నేక అరుత్తంది."

"టైరు చూడవయ్యా ముందు!"

"టైరు అరవదు మాస్టారూ, అది రబ్బరు గదా."

గ్రీజు పెట్టాడు. తనూ డొంబూ ఊరి చివరిదాకా వెళ్లొచ్చారు. "సైలెంటు!" అన్నాడు అప్పల్రాజు బొటనవేలు పైకెత్తి. నేనెక్కాను. ఘాట్‌లో మొదటి లోయ మలుపు రాగానే, కిర్ర్!

రెండోసారి వెళితే బుష్‌లు మార్చాడు. ఇద్దరూ వెళ్లొచ్చారు. సైలెంటు. నేనెక్కాను. కిర్ర్! మూడోసారి కేబిన్‌లో సగం చిరిగిన రబ్బరు మ్యాటు పీకేసి, కింద రేకంతా తడిమి చూశాడు. ఇంటికొచ్చే దారిలో చప్పుడు రెట్టింపయింది. మెకానిక్కు ప్రతిభ అంటే అదీ!

నాలుగోసారి నన్ను చూడగానే తల గోక్కున్నాడు. "మీరెక్కితేనే వత్తందంటే... మీ బరువుకేమో మాస్టారూ."

"నా బరువు యాభై రెండు కిలోలు!" అని అరిచాను. నిజంగానే అరిచాను, పక్క టీ కొట్టువాళ్లు తొంగి చూశారు. "పది మందీ, పన్నెండు అల్లం బస్తాలూ ఎక్కితే నోరెత్తని బండి, నేను కూర్చుంటే అరుస్తుందా? దానికి నా మీద పగా?"

ఆ ప్రశ్నకి సమాధానం నాకే దొరుకుతుందని అప్పుడు తెలీదు.

ఆ సాయంత్రం డొంబుని ఇంటి ముందు నిలబెట్టి చెప్పేశాను. "సంత రోజు దాకా చూస్తాను. ఆ రోజు కూడా చప్పుడు వినపడిందా, అక్కడే తాళం నా చేతిలో పెట్టు."

"బండి బాగుంది సార్," అన్నాడు మళ్లీ. ఈసారి గొంతు తగ్గింది. వాడి భార్య సంగతి నాకు గుర్తు లేదని కాదు. గుర్తుంది. అయినా అన్నాను. కోపంలో ఉన్నవాడికి తను న్యాయంగానే ఉన్నాననిపిస్తుంది.

డుంబ్రిగుడ సంత రోజు వచ్చింది. వెనక తొమ్మిది మంది, బస్తాలు. ముందు డొంబు, నేను, మధ్యలో సొనాయి. డొంబు వాళ్ల పల్లె ముసలమ్మే, దారిలో ఎక్కింది, ఒళ్లో అమ్మకానికి ఒక కోడిపెట్ట. నోటుబుక్కు నా చేతిలో రెడీ. డుంబ్రిగుడ ఇంకా దూరం ఉండగానే వాగు దగ్గర దిగుడు మలుపు ఒకటుంది. అక్కడ ఎదురుగా ఒక జీపు, బానెట్టు మీద కూడా జనం.

కిర్ర్! కిర్ర్!

"ఆపు!" అన్నాను.

డొంబు పక్కకి తీసి ఆపాడు. ఇంజను కట్టేశాడు. నేను చెయ్యి చాపాను. తాళం తీసి నా అరచేతిలో పెట్టి దిగిపోయాడు. వెనక ఉన్నవాళ్లు దిగి చుట్టూ మూగారు. ఏటయిందంటే ఏటయిందని ఒకటే గోల.

సొనాయి నా వైపు తిరిగింది. "ఏటి బాబూ, ఆ గుంటడ్ని దించేత్తన్నావు?"

"చప్పుడు విన్లేదా నువ్వు? బండిని నాశనం చేశాడు."

"ఇన్నాను. ఆడి కాలికాడ రానేదు, నీ కాలికాడ వచ్చింది."

"నా కాలి దగ్గర ఏముందమ్మా? ఏమీ లేదు."

"అదే సెప్తన్నాను," అంది ముసలమ్మ, కోడిని చంక మార్చుకుని. "ఆడి కాలి కింద బిరేకు ఉంది, తొక్కుతన్నాడు. నీ కాలి కింద ఏటీ నేదు. మరి నువ్వేటి తొక్కుతన్నావు?"

బయట ఎవరో కిసుక్కుమన్నారు.

"నేనేమీ తొక్కడం లేదు," అన్నాను.

"ఇందాక జీపొచ్చినప్పుడు ఎలగ తొక్కినావో మళ్లీ తొక్కు."

ఇంత సూటిగా ఏ అధికారీ నన్ను ప్రశ్నించలేదు. నిరూపిద్దామనే కుడి కాలు రేకు మీద ఆనించి, జీపుని తలుచుకుని గట్టిగా తొక్కాను. టైరు చెప్పు ఇనప రేకు మీద ఒరుసుకుంది.

కిర్ర్!

ఇంజను ఆగి ఉంది. చక్రాలు ఆగి ఉన్నాయి. తాళం నా చేతిలో ఉంది. కోడి మాత్రం కొక్కొక్కొమని అరిచి రెక్కలు కొట్టింది.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్విన నవ్వు వాగు అవతలికి కూడా వినపడి ఉంటుంది. ఒకాయన అల్లం బస్తా మీద కూలబడి మరీ నవ్వాడు. నా బుర్రలో నోటుబుక్కు పేజీలు తిరుగుతున్నాయి. లోయ మలుపులు. ఎదురు లారీలు. దిగేటప్పుడు ఎక్కువ. పేపరు చదివితే లేదు. వాన నీళ్లకి రేకు తడిస్తే లేదు. వారం రోజులు కూర్చుని నా భయాన్ని తేదీలవారీగా రాసిపెట్టుకున్నాను!

డొంబు దూరంగా నిలబడి ఉన్నాడు. వాడొక్కడే నవ్వలేదు.

"నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసండి."

"ఎప్పట్నుంచి?"

"రెండో రోజు నుంచండి."

"మరి చెప్పవేం!"

"బండి బాగుందని సెప్తానే ఉన్నానండి. తమరు బయపడతన్నారని నేనెలగ సెప్పీది? తమరు పేపర్లో రాసేవోరు."

"ఉద్యోగం పోతోంది కదయ్యా! అప్పుడైనా నోరు విప్పవా?"

వాడు నా చేతిలో తాళం వైపు చూసి, చాలా మర్యాదగా అన్నాడు. "తమరికి నడపడం రాదు గదండి. డుంబ్రిగుడ ఎల్లాలంటే నన్నే పిలవాల. అందుకే పెద్దగా బెంగెట్టుకోనేదండి. కుసింతే ఎట్టుకున్నాను."

తాళం తిరిగి ఇచ్చేశాను. ఇంకేం చేస్తాను? బస్తాల మీద జనం ఎక్కారు. సంతకి చేరేలోపే కథ నాకంటే ముందు చేరిపోయింది. మేం ఆగి ఉండగా మమ్మల్ని దాటిపోయిన బండ్లవాళ్లు మోసుకెళ్లి ఉంటారు. నా పత్రిక ఎన్నడూ అంత వేగంగా ఏ వార్తా చేరవేయలేదు.

ఇప్పుడు బండి ఎక్కగానే చెప్పులు విప్పి సీటు కింద పెడుతున్నాను. చప్పుడు పోయింది. కాలు మాత్రం తొక్కుతూనే ఉంది, అది నా చేతుల్లో లేదు. డొంబు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "మలుపొత్తంది సార్, తొక్కండి," అంటాడు. వాడికి కోపం లేదు. నాకే ఉంది. ఎవరి మీదో తెలీడం లేదు.

టైరు అరవదని వాదించిన అప్పల్రాజుకి ఇంకా సంగతి చెప్పలేదు. చెప్పాలి. చప్పుడు వెనక ఎడమ టైరుదేనని మొదటి రోజు నుంచీ మొత్తుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. పత్రికలో తప్పు పడితే మర్నాడు సవరణ వేయడం మా ఆనవాయితీ కాబట్టి, ఇదిగో నా సవరణ. నేను ఇంతకాలం "వెనక ఎడమ టైరు" అన్న ప్రతి చోటా "కుడికాలి చెప్పు" అని చదువుకోవలసిందిగా మనవి. టైరు మాత్రం అదే.