గడియారం కింద గది

1981 సెప్టెంబరు. అప్పటికి ఇలినాయి రాష్ట్రంలోని పియోరియాలో ఒక కన్సల్టింగ్ కంపెనీలో స్ట్రక్చరల్ ఇంజనీరుగా చేరి ఐదేళ్ళయింది. నా పని చెప్పడానికి తేలికే. ఒక కట్టడం మీద ఎంత బరువు పడుతోంది, అది ఆ బరువు మోయగలదా లేదా చూసి చెప్పాలి. చెప్పినదాని కింద సీలు వెయ్యాలి. ఆ సీలు వేసే లైసెన్సు నాకు ముందు ఏడాదే వచ్చింది. కాకినాడలో చదివినవాడు అమెరికాలో కోర్టు భవనాల మీద తీర్పు చెబుతున్నాడని లోలోపల గర్వంగానే ఉండేది. పైకి కనబడనిచ్చేవాణ్ణి కాదని నా నమ్మకం. మా ఆవిడ సరళ మాత్రం ఈ మాట ఒప్పుకోదు.

ఆ నెలలో నన్ను ఒక చిన్న ఊరికి పంపారు. ఊరి పేరు రాయను. మొక్కజొన్న చేల మధ్య గంటన్నర కారు నడిపితే ఒక టవరూ, దానికో గడియారమూ కనిపిస్తాయి. అదే కోర్టుహౌస్. దాని చుట్టూ నాలుగు వీధులు, ఆ వీధుల్లో ఒక మంగలి షాపు, ఒక విత్తనాల కొట్టు, ఇద్దరు లాయర్లు, ఒక కాఫీ హోటలు. ఆ ఊరు కౌంటీ సీట్. మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే తాలూకా కేంద్రం లాంటిది. భూమి రిజిస్ట్రేషన్, పెళ్ళి లైసెన్సు, కోర్టు కేసు, ఏది కావాలన్నా చుట్టుపక్కల జనమంతా అక్కడికే రావాలి. వచ్చినవాళ్ళు కాఫీ తాగుతారు, క్షవరం చేయించుకుంటారు, విత్తనాలు కొంటారు. ఊరు బతికేది దాని మీదే.

ఆ ఊరి కథ నాకు చెప్పింది ఎర్ల్. కోర్టుహౌస్ ఊడ్చి, బాయిలర్ చూసుకుని, వారానికోసారి గడియారానికి కీ ఇచ్చే మనిషి. నిచ్చెన పట్టుకుని నా వెంట తిరుగుతూ చెప్పాడు. "మొదట్లో కౌంటీ సీట్ మాది కాదు, అక్కడ నది ఒడ్డున ఇంకో ఊరిది. రైలు మా ఊరికొచ్చాక ఓటింగు పెట్టారు, మేం గెలిచాం. వాళ్ళు రికార్డు పుస్తకాలు ఇవ్వం పొమ్మన్నారు. ఒక చలికాలం పొద్దున మావాళ్ళు మంచుబళ్ళు కట్టుకుని వెళ్ళి, అక్కడి క్లర్కు టిఫిన్ చేస్తుంటే పుస్తకాలన్నీ ఎత్తుకొచ్చారు."

"మరి వాళ్ళు ఊరుకున్నారా?"

"పుస్తకాలు మా దగ్గరున్నాయి కదా. పనులున్నవాళ్ళు ఇక్కడికి రాక ఏం చేస్తారు?" అన్నాడు, తనే వెళ్ళి తెచ్చినంత ధీమాగా. ఆనాటి నుంచి ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. కోర్టుహౌస్‌లోకి వచ్చిన పుస్తకం ఏదీ మళ్ళీ గడప దాటకూడదు. నాకు నవ్వొచ్చింది. నాలుగేళ్ళ తర్వాత మన దగ్గర మండలాలు పెట్టినప్పుడు హెడ్‌క్వార్టర్స్ మాకంటే మాకని ఊళ్ళు కొట్టుకున్నాయని మా నాన్న ఉత్తరం రాస్తే, ఎర్ల్ గుర్తొచ్చాడు.

నన్ను పిలిపించింది మాత్రం తూర్పు గోడలో పడిన పగులు. రెండో అంతస్తు కిటికీ మూల నుంచి టవర్ వైపు ఏటవాలుగా పాకింది. కౌంటీ బోర్డు చైర్మన్ నన్ను కూర్చోబెట్టి సూటిగా చెప్పాడు. "టవర్ పనైపోయిందని మీరు రాస్తే మొత్తం పడగొట్టేస్తాం. కొత్త బిల్డింగు ఇక్కడ కట్టం. పద్నాలుగు మైళ్ళవతల హైవే పక్కన పెద్ద ఊరుంది, అక్కడ కడతాం." అంటే కౌంటీ సీట్ కూడా అక్కడికే పోతుంది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. హోటల్లో కాఫీ పోసే ఆవిడ, "టవర్ ఉంచుతారా, తీయిస్తారా?" అని అడిగింది. "రిపోర్టులో చూడండి" అన్నాను. ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పగులు ఇంకా కదులుతోందో లేదో తెలుసుకోవడానికి టెల్‌టేల్స్ పెట్టాను. అంటే పగులుకి అడ్డంగా ప్లాస్టర్‌తో అతికించే సన్నటి గాజు పట్టీలు. గోడ ఏ కాస్త కదిలినా గాజు విరుగుతుంది. తూర్పు గోడకి ఒకటి, టవర్‌కి రెండు వైపులా రెండు పెట్టి, వారానికోసారి చూడమని ఎర్ల్‌కి అప్పజెప్పాను. తర్వాత గదులన్నీ కొలుచుకుంటూ పైకెళ్ళాను. గడియారం కిందున్న గదికి తాళం వేసి ఉంది. పాత డ్రాయింగులో ఆ గది దగ్గర "ఖాళీ" అని రాసి ఉంది.

తాళంచెవి కౌంటీ క్లర్కు డొరతీ దగ్గరుంది. అరవై దాటిన మనిషి. కళ్ళజోడు గొలుసుకి కట్టుకుని మెళ్ళో వేసుకునేది. ముప్పై ఏళ్ళుగా ఆ కుర్చీ ఆవిడదే. "అందులో మీరు చూడాల్సిందేమీ లేదు మిస్టర్ మూర్తి. పాత కాగితాలు" అంది. గొంతులో మర్యాద ఉంది, దారి మాత్రం ఇవ్వలేదు. పరాయి దేశంవాణ్ణి, పెద్దావిడతో వాదన ఎందుకని ఊరుకున్నాను. పాత కాగితాలంటే రెండు బీరువాలుంటాయి కాబోలనుకున్నాను.

డిసెంబరులో డ్రాఫ్టు రాశాను. టవర్ బరువు ఎక్కువ, సున్నం పట్టు వదిలింది, టవర్ తీసేయాలి. ఇంట్లో భోజనాల దగ్గర సరళకి చదివి వినిపించాను కూడా. గడియారం కింద గది సంగతి తనకి అప్పటికే చెప్పాను.

"ఆ గది చూశారా?" అంది.

"లేదే, తాళం వేసుంది."

"చూడకుండానే రాసేశారా?"

"పాత కాగితాలేనే అందులో."

"ఏమో, చూసి చెప్పడమే మీ పనని రోజూ నాతో అంటారు కదండీ" అని చారు వడ్డించింది. నేను చెవిన వేసుకోలేదు. మర్నాడు సంతకం చేసి బోర్డుకి పంపాను. బోర్డుకి వచ్చే కాగితాలన్నీ క్లర్కే తీసుకుని ఫైల్లో పెట్టాలి. అంటే, నా డ్రాఫ్టు మీద స్టాంపు వేసింది డొరతీయే.

జనవరి రెండో వారంలో ఎర్ల్ ఫోన్ చేశాడు. తూర్పు గోడ మీది గాజు విరిగింది. చలికి విరిగుంటుందని అనుకుంటూనే బయల్దేరాను. వెళ్ళి చూస్తే టవర్ మీదున్న రెండూ చెక్కు చెదరలేదు. చలి అన్నిటికీ ఒకటే. టవర్ బరువే కారణమైతే ముందు విరగాల్సింది ఆ రెండు. నా రిపోర్టు తలకిందులైందని అక్కడ నిలబడగానే తెలిసిపోయింది.

"ఎప్పుడు విరిగింది?" అని ఎర్ల్‌ని అడిగాను.

"సోమవారం పొద్దున బాగానే ఉంది. సాయంత్రానికి విరిగింది."

"సోమవారం ఇక్కడేం జరిగింది?"

"ఏముంది, పుస్తకాలు పైకి మోశాం. ఏటా జనవరిలో ఒక ఏడాదివి మోస్తాం. కింద మైక్రోఫిల్మ్ మెషిను పెట్టాలని ఈసారి మూడేళ్ళవీ ఒకేసారి ఎక్కించాం."

"పైకంటే ఎక్కడికి?"

ఎర్ల్ గడియారం వైపు చూపించాడు.

విరిగిన గాజు ముక్కలు రుమాల్లో పెట్టుకుని డొరతీ దగ్గరికెళ్ళి బల్ల మీద పరిచాను. సోమవారం సంగతి చెప్పాను. ఆవిడ సొరుగులోంచి తాళంచెవి తీసింది.

గది తెరిచాక లోపలికి అడుగు పెట్టడానికి చోటు లేదు. తోలు అట్టల రిజిస్టర్లు నేల నుంచి కప్పు దాకా, గోడ నుంచి గోడ దాకా పేర్చి ఉన్నాయి. మంచుబళ్ళ మీద వచ్చినవి అట్టడుగున, నిన్నటివి పైన. ఒక్కోటి ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. మనుషులు, సామాను లాంటి కదిలే బరువుని మేం లైవ్ లోడ్ అంటాం. ఆఫీసు గదికి చదరపు అడుగుకి యాభై పౌన్లు లెక్క వేస్తాం. పుస్తకాల బీరువాలుండే చోటికి నూట యాభై. ఇక్కడ ఆ లెక్క కూడా చాలదు. ఇంత బరువునీ మోస్తున్న చెక్క దూలాల కొసలు తూర్పు గోడలో కూర్చున్నాయి. గోడని అవే బయటికి తోస్తున్నాయి.

"ఆ బోర్డువాళ్ళు ఒకసారి ఇవన్నీ హైవే ఊరి గోడౌనుకి పంపేద్దామన్నారు. మీరు చూస్తే మీరూ అదే రాస్తారని భయపడ్డాను" అంది డొరతీ.

"టవర్‌లో లోపం లేదండీ. గోడని తోస్తున్నది ఈ పుస్తకాలే."

ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయింది. "ముప్పై ఏళ్ళు దగ్గరుండి మోయించాను. కోర్టుని పడగొడుతున్నది నేనేనన్నమాట."

నాకు ఆవిడ మీద జాలేసింది. నా మీద నాకు కోపమొచ్చింది. "డ్రాఫ్టు రాసింది నేను. గది తెరవమని రెండోసారి అడగలేదు" అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "సరే, ఇప్పుడేం చేద్దాం?" అంది.

బరువు దించాలి, కానీ పుస్తకం గడప దాటకూడదు. బేస్‌మెంట్‌లో చెమ్మ. దారి చూపించింది ఎర్ల్. షెరిఫ్ కొత్త జైలుకి మారిపోయాక, కోర్టుహౌస్ కింది అంతస్తులో, బేస్‌మెంట్ లేని వైపు, పాత జైలు గదులు నాలుగు ఖాళీగా పడి ఉన్నాయట. వెళ్ళి చూశాను. నేల మీద నేరుగా పోసిన కాంక్రీటు, రెండడుగుల రాతి గోడలు, ఇనుప తలుపులు. రికార్డు గది కట్టమని నన్నడిగినా అంత గట్టిగా కట్టేవాణ్ణి కాదు.

ముందు దూలాల కింద ఉక్కు స్తంభాలు ఆనించి, తర్వాత మోత మొదలుపెట్టించాను. విత్తనాల కొట్టువాళ్ళు, లాయర్లు, హోటల్ ఆవిడతో సహా ఊళ్ళోవాళ్ళు మూడు రోజులు మోశారు. డొరతీ మెట్ల కింద జాబితా పట్టుకుని నిలబడి ఒక్కోటీ టిక్కు పెట్టుకుంది. తర్వాత గోడకి ఇనుప కడ్డీలు బిగించి కట్టించాను. కొత్త గాజు పట్టీలు నెల తర్వాత కూడా విరగలేదు.

మార్చిలో బోర్డు మీటింగు. డ్రాఫ్టు తప్పని నిలబడి చెప్పాను. చైర్మన్ కళ్ళజోడు తీసి, "మూడు నెలల కింద టవర్ తీసేయాలన్నారు. ఇప్పుడు ఉంచమంటున్నారు. మేం ఏ మిస్టర్ మూర్తిని నమ్మాలి?" అన్నాడు.

"గది చూసినవాణ్ణి నమ్మండి" అన్నాను.

రెండు ఓట్ల తేడాతో కోర్టుహౌస్ నిలిచింది. కౌంటీ సీట్ ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. ఆ సాయంత్రం హోటల్లో నా కాఫీ కప్పు ఖాళీ అవనివ్వలేదు.

బయల్దేరేముందు డొరతీ దగ్గరికెళ్ళి గొంతు తగ్గించి అడిగాను. "ఆ డిసెంబరు డ్రాఫ్టు నాకు తిరిగిచ్చేస్తారా? ఇంక దానితో పని లేదు కదా."

"దాని మీద నా స్టాంపు పడింది మిస్టర్ మూర్తి. ఈ బిల్డింగు దాటి పోదు" అంది, నవ్వకుండా.

ఆ తర్వాత పాతికేళ్ళు ఇదే పని చేశాను. తాళం వేసిన గది కనిపిస్తే తెరిపించకుండా సంతకం పెట్టలేదు. తెరవమని మూడుసార్లు అడిగి తిట్లు తిన్న రోజులున్నాయి. తెరవనంటున్నవాళ్ళు దేనికి భయపడుతున్నారో ముందు అడగడం కూడా అలవాటైంది. ఇవి కాకినాడలో నేర్పలేదు, లైసెన్సు పరీక్షలోనూ అడగలేదు.

నా రిపోర్టులు రెండూ మూడో జైలు గదిలో ఒకే పెట్టెలో ఉన్నాయి. వాటి ఇండెక్సు కార్డు డొరతీ నా ఎదుటే రాసింది. నా పేరు కింద రెండు వరుసలు. మొదటి రిపోర్టు పక్కన "గది చూడకముందు" అని, రెండోదాని పక్కన "చూశాక" అని రాసి, సిరా ఆరేదాకా ఆగి కార్డుని సొరుగులో పెట్టేసింది.