పుంగనూరు బట్టీలోంచి పిలిచిన గొంతు

దెయ్యం కథలు చెప్పేవాళ్ల దగ్గర నేను ఎక్కువసేపు కూర్చోను. నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అయినా నాకు జరిగింది చెప్పాలి.

మా మామగారు బెంగళూరులో రొట్టెల పని నేర్చుకుని వచ్చి, పుంగనూరులో ఇటుకలతో బట్టీ కట్టించారు. కట్టెల మంట మీద కాల్చిన బన్నులు సైకిల్ మీద సోమలకు, బ్రెడ్డు బస్సుల్లో కుప్పం దాకా పోయేవి. గిరాకీ పెరిగాక మదనపల్లెలో కరెంటు ఓవెన్లు పెట్టాం. పుంగనూరు బట్టీ ఆరిపోయి ఏళ్లయింది. దాన్ని పడగొట్టించి గోడౌన్ కట్టాలని మా ఆయన అనుకున్నారు.

కూలీలు వచ్చేలోపు పనికొచ్చే ఇనుప సామాను తీసుకుందామని ఒక ఉదయం ఇద్దరం వెళ్లాం. ఆయన బట్టీ ఉన్న గదిలోకి పోయారు. నేను ముందు గదిలో పాత ట్రేలు ఏరుతున్నాను.

కాసేపటికి ఆయన గొంతు వినిపించింది. "సుజాతా, ఆ సుత్తి ఇట్లియ్యి."

మేం తెచ్చుకున్న సుత్తి పట్టుకుని వెళ్లి చూస్తే గది ఖాళీ. గొంతు బట్టీలోంచి వస్తోంది. దానికి ఒకటే నోరు, మనిషి పాకుతూ దూరేంత. శుభ్రం చేయడానికి ఆయన చిన్నప్పటి నుంచి అందులో దూరేవారు కాబట్టి నాకు వింతగా అనిపించలేదు.

"సొక్కా అంతా మసి అయితాదండీ," అంటూ సుత్తి లోపలికి అందించాను.

చీకట్లోంచి చెయ్యి వచ్చి అందుకుంది. మణికట్టు దాకానే కనిపించింది. ఆ వేళ్లు నాకు తగిలాయి. కాలిపోతున్నాయి.

"జ్వరమేమన్నా వచ్చిందా?"

గొంతు నెమ్మదిగా అంది, "ఈడ ఒకటి సూడాల. నువ్వు గూడా లోపలికి రా."

ఎందుకని అడిగాను. "లోపలికి రా," అంతే.

తల, ఒక భుజం లోపల పెట్టాను. ఎవరో ఊపిరి తీస్తున్నారు. నా చెంపకు చాలా దగ్గరగా.

"సుజాతా! ఆడేం సేస్తాండావు?"

ఆ కేక వెనక నుంచి వచ్చింది. గబుక్కున బయటికొచ్చి చూస్తే పెరటి తలుపు దగ్గర మా ఆయన, చేతుల్లో టీ గ్లాసులు. నాకు చెప్పకుండా పెరటి దారిన అంగడికి పోయొచ్చారట. చొక్కా మీద మసి మరక కూడా లేదు.

బట్టీ వైపు వేలు చూపించాను. ఆయన ఫోను లైటు వేసి చూశారు. ఉత్త ఇటుకలు. బూడిద మీద పాకిన జాడ లేదు. సుత్తి లేదు. తడిమితే ఇటుకలు చల్లగా ఉన్నాయి.

మర్నాడు కూలీలు ఒక్కో ఇటుకా తీస్తుంటే దగ్గరుండి వెతికించాం. సుత్తి దొరకలేదు.

మామగారిని అడిగాను. "ఆ బట్టీలో ఎవురికీ ఏమీ కాలేదమ్మా, ఒట్టు," అన్నారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. గొంతు మాత్రం మా ఆయనదే. అందుకే ఈరోజుకీ ఆయన పక్క గదిలోంచి పిలిస్తే నేను పలకను. లేచి వెళ్లి, మనిషిని కళ్లారా చూశాకే "ఏమండీ" అంటాను.