రేపల్లె లేని ప్రోగ్రాం

నేను చెప్పేవాటిలో సగం కోతలని మీకు తెలుసు. నాకూ తెలుసు. ఇది మాత్రం ఆ సగంలోది కాదు... ఈ టీ గ్లాసు మీద ఒట్టు. నవ్వకండి.

తొంభైల మొదట్లో బాపట్లలో ఇంజనీరింగ్ చదివేవాణ్ణి. మైక్రోప్రాసెసర్ ల్యాబు పరీక్ష రెండుసార్లు తప్పాను. ఈసారీ పోతే ఏడాది పోయినట్టే. నా గదిలో ఉండే ప్రభుదాసు, తెనాలివాడు, క్లాసు ఫస్టు. నాకు ఆ ల్యాబులో మిషను సంగతులన్నీ నేర్పింది వాడే. ప్రోగ్రాం చివర డెబ్భై ఆరు కొట్టాలి. కొట్టకపోతే మిషను ఆగదు, చెత్తంతా చదువుకుంటూ పోతుంది.

"రైలు రేపల్లెలో ఆగిపోద్ది కదరా, ఆ తర్వాత పట్టాల్లేవు. డెబ్భై ఆరంటే రేపల్లె అనుకో" అన్నాడు. ఆ మాట మా ఇద్దరికే తెలుసు.

పరీక్ష ముందురోజు, "ల్యాబులో కూర్చోరా, రాత్రి ఎనిమిదింటికి వస్తా" అన్నాడు.

"మీవాడొస్తే తీస్తాలే బాబూ, సారు చూస్తే నా ఉద్యోగం పోద్ది" అని అటెండరు బయట తాళం వేసి గుమ్మంలో కూర్చున్నాడు.

ఎనిమిదైంది. రాలేదు. ఎనిమిదిన్నర... కరెంటు పోయింది. మిషను మీది ఎర్ర అంకెలు ఆరిపోయాయి. కొట్టిందంతా పోయింది. ఫ్యాను... టక్... టక్... ఆగింది.

అప్పుడు వెనక బల్ల మీద మీట నొక్కిన చప్పుడు. టిక్. మళ్ళీ... టిక్.

"ఒరేయ్, రాసుకో."

ప్రభుదాసు గొంతే!

"ఎప్పుడొచ్చావురా?"

 నేను కొడుతున్న ప్రోగ్రామే, ఒక్కో అంకే చెప్పాడు... నెమ్మదిగా. చీకట్లోనే రాశాను. చివరి అంకె దాకా వచ్చాడు. 

"దీనికి రేపల్లె అక్కర్లేదురా."

"అదేంటి?"

"అక్కర్లేదన్నానా."

కరెంటొచ్చింది. వెనక బల్ల ఖాళీ. తలుపు దబదబా బాదాను. తాళం తీస్తూ అటెండరు, "మీవాడు రానేలేదు బాబూ" అన్నాడు.

 అయినా ఆ కాగితం చింపలేదు. వాడు చెబితే తప్పుండదు... అంత నమ్మకం నాకు. మర్నాడు అదే లెక్క వచ్చింది. రాసుకున్నది రాసుకున్నట్టే కొట్టాను. మిషను ఆగలేదు. ఏడాది పోయింది.

సాయంత్రం వాడు సంచీతో దిగాడు. "అమ్మకి జ్వరమంటే తెనాలి వెళ్ళానురా."

"మరి రేపల్లె వద్దన్నదెవరు?"

వాడు నా మొహంలోకి చూడలేదు. చొక్కా విప్పి, మేకుకి తగిలించి, స్నానానికి వెళ్ళిపోయాడు.

ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కలుస్తాం. "అది దెయ్యమేరా" అంటాడు నవ్వుతూ. అవునంటాను. కానీ రేపల్లె మాట తెలిసింది మా ఇద్దరికేగా.

దెయ్యమే అయ్యుంటే బాగుండును.