నా పాలికొచ్చిన సగం దుర్బీన్

ఆ దినాలల్ల కుళ్ళుకునేటందుకు కూడ కష్టపడాల్సి ఉండె. పక్కింటి దండెం మీద ఆరేసిన చీర చూసి కుళ్ళుకోవాలె, పొయ్యి మీది కూర వాసన పట్టి కుళ్ళుకోవాలె. నాకు ఆ తిప్పలు లేకుండె. నా యారాలు, అంటే మా మరిది పెండ్లాం, ఒక్క ఇంట్లనే ఉంటుండె. నేను మూడో తరగతి దాక చదివిన పెద్దకోడల్ని, ఆమె ఐదు చదివిన చిన్నకోడలు. (ఆ రెండు తరగతుల కథ మా అత్త వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్తుండె.)

మా మామ తాండూరుల బండల గని మీద మున్షీ. వికారాబాద్‌ల ఒక పాత బంగ్లా సామాను హర్రాజ్ వేస్తే, పోయి రెండు కండ్లకు పెట్టుకొని దూరంది దగ్గర చూసే పెద్ద నల్ల దుర్బీన్ కొనుక్కొచ్చిండు. మిద్దె మీద కుర్సీ వేసుకొని, అండ్ల నుంచి గని దిక్కు చూసి, "పని ఇడిసిపెట్టి బీడీలు తాగుతున్నరు!" అని ఇక్కడి నుంచే అరుస్తుండె. గనిల ఉన్నోళ్ళకు వినపడకపోతుండె, మాకు మాత్రం చెవులు గింగురుమంటుండె. ఆయన పోయినంక అన్నదమ్ములు వేరుపడ్డరు. బిందెలు చెరి సగం, మంచాలు చెరి సగం. దుర్బీన్ కాడికి వచ్చేసరికి అంత ఆగిపోయింది.

"అక్కా, గది నాకియ్యి, నువ్వు రోలు తీస్కో," అన్నది యారాలు.

"రోలు నువ్వే నెత్తికెత్తుకో. పెద్దకోడల్ని నేను."

"ఇగ నడుమ తెగ్గొట్టాల్నా?" అని మా ఆయన కసిరిండు.

"తెగ్గొట్టు," అన్న నేను. "అవ్ బావా, తెగ్గొట్టు," అన్నది ఆమె. (మేమిద్దరం ఒక్క మాట మీద నిలబడ్డది అప్పుడే.)

గడియారాలు బాగుచేసేటాయన నడిమి కడ్డీ పీకి రెండు ముక్కలు చేతుల పెట్టిండు. చూపు సరిచేసుకునే చక్రం దేనికది తిప్పుకునేటట్టు ఉండె గనక, ఒక్కో ముక్కల సుత ఒక్క కన్నుతోని మంచిగనే కనపడుతుండె. అయితె నా ముక్క మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు. ఆమె ముక్క మీద రెక్కలు చాపిన డేగ, దాని కాళ్ళ కింద స్వస్తిక్! యారాలు దాన్ని దేవుని అర్రల పెట్టి రోజూ పసుపు కుంకుమ పెట్టుడు మొదలుపెట్టింది. వాడకట్టు ఆడోళ్ళు వచ్చి మొక్కిపోతుండ్రి. నా ముక్కను అడిగిన దిక్కు లేదు. మా ఊర్ల కచ్చా బండకు ఒక ధర, పాలిష్ బండకు ఇంకో ధర. ఇగ ఆలోచించేదేమున్నది, మా ఆయనతోని బండల పాలిష్ మిషన్ కాడికి పంపి, పైస ఖర్చు లేకుండ నల్లరంగంత గీకించిన. వెండి చెంబు లెక్క మెరిసింది. తెచ్చి కిటికీల పెట్టిన, సరిగ్గ ఎదురుంగ ఉన్న యారాలు తలుపు దిక్కుకు.

కొన్నేండ్లకు హైదరాబాద్ నుంచి పాత సామాన్లు కొనే సేటు ఒకాయన వచ్చిండు. ఇద్దరం ముక్కలు పట్టుకొని పోయి ఆయన ముందు కూసున్నం. నాకు పైసల మీద గూడ అంత ధ్యాస లేదు. నాది ఎక్కువ ధర పలకాలె, అది ఆమె చెవుల పడాలె, గంతే.

సేటు ఆమె ముక్క మీది కుంకుమ తడిగుడ్డతోని తుడిచి, భూతద్దం పెట్టి చూసిండు. "యా అల్లా! ప్రపంచ లడాయి టైముల జర్మనీది అమ్మా ఇది. డేగ కింద ఇంగ్లీషు 'ఎం' అక్షరం ఉన్నది చూడు, అంటే సముద్రం మీది ఫౌజుది. జహాజుల మీదికెల్లి చూసేది."

"మరి స్వస్తిక్?" అన్నది యారాలు.

"అది మీ దేవునిది కాదమ్మా. లక్షల మందిని చంపినోళ్ళ గుర్తు."

యారాలు చెంపలేసుకున్నది. "అయ్యో అక్కా, ఇన్నేండ్లు ఎవనికి బొట్టు పెట్టిన్నే!"

నా లోపల పటాకులు పేలినయ్. (మొఖం మాత్రం బాధగనే పెట్టిన.) నా ముక్క ముందుకు జరిపిన. సేటు అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. "దీని మీద మూడు చిన్న అక్షరాలుండాలె. లడాయిల కార్ఖానా పేరు దాచి గవే కొట్టేటోళ్ళు. ఎవరు చేసిండ్రో వాటితోనే తెలుస్తది. ఏవి?"

"మొత్తం పాలిష్ చేయించిన," అన్న, జర గర్వంగనే.

సేటు నెత్తి పట్టుకున్నడు. "బండకు పాలిష్ చేస్తే ధర పెరుగుతది అమ్మా, దీనికి పాత రంగే ధర! రెండు కలిసి, రంగుతోని ఉంటే ఆ పైసలకు పాడిబర్రె వచ్చు. ఇప్పుడు ఆమెది మేకపిల్ల. నీది అల్మిన్యం తూకం."

మేకపిల్ల! ఆమెకు మేకపిల్ల, నాకు తూకం! అదన్న తీసుకొని పోతదేమో అనుకుంటే, "వద్దు సేటూ, అక్కది లేకుండ నాదొక్కటి నేనమ్మ," అని ముక్కను కొంగుల చుట్టుకొని లేచింది. వాడకట్టంత "ఎంత మంచి మనసు" అన్నది. ధరల గెలిచింది సరే, మంచితనంల సుత నన్ను దాటిపోయింది. నాకు బువ్వ సయించలే.

ఇప్పుడు యారాలు బిడ్డ దగ్గర వికారాబాద్‌ల ఉంటది. ఫోన్ చేస్తే, "అక్కా, మా బిల్డింగుకు లిఫ్టున్నది, మెట్లెక్కే పనే లేదు," అంటది. ఫోన్ పెట్టేసి, నొప్పి మోకాళ్ళతోని మెట్లన్ని ఎక్కి మిద్దె మీదికి పోత. నా ముక్క కంటికి పెట్టుకొని వికారాబాద్ దిక్కు తిప్పుత. రైలు పట్టాలు, వాటి మీద ఎండ. అంతకు మించి ఏం కనపడది. ఇంత దూరం నుంచి కుళ్ళుకొనుడు నాతోని అయితలేదు. ఎదురు తలుపుల ఉన్నప్పుడే మంచిగుండె.